విరాళం ఇచ్చే ముందు సంస్థను తెలుసుకోవడం ఎలా?

మార్చి నెలాఖరున పన్ను లెక్కలు చూసుకున్నప్పుడో, తల్లిదండ్రుల వర్ధంతి నాడో, పిల్లల పుట్టినరోజునో ఏదైనా స్వచ్ఛంద సంస్థకు కొంత సొమ్ము ఇవ్వాలని చాలామంది అనుకుంటారు. తెలిసినవారు చెప్పిన మొదటి సంస్థకు పంపి, ఆ సొమ్ము ఏమైందో మళ్లీ అడగకుండా ఊరుకునేవారే వారిలో ఎక్కువ. సంస్థ పేరు వెతకడానికి ముందు, ఏ కష్టం తీరాలని ఇస్తున్నామో తేల్చుకోవాలి. ఎందుకంటే పనిని బట్టే సంస్థను కొలిచే కొలత మారుతుంది.

కంటి వైద్యం తీసుకుందాం. శుక్లం తీసిన మర్నాడు కట్టు విప్పితే ఫలితం కనిపిస్తుంది. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, స్థోమత ఉన్నవారి దగ్గర రుసుము తీసుకుని లేనివారికి ఉచితంగా చికిత్స చేస్తూ, గ్రామాల్లోనూ దృష్టి కేంద్రాలు నడుపుతోంది. ఇటువంటి సంస్థను ఏడాదికి ఎన్ని శస్త్రచికిత్సలు చేశారు, అందులో ఉచితంగా ఎన్ని, ఆ తర్వాత రోగులను మళ్లీ ఎప్పుడు పరీక్షిస్తున్నారు అని అంకెలతోనే అడగవచ్చు.

బాలకార్మికులను బడికి చేర్చే పని అలాంటిది కాదు. 1981లో ఏర్పడి, ప్రొఫెసర్ శాంతా సిన్హా నాయకత్వంలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఈ పనికి పూనుకున్న ఎం.వి. ఫౌండేషన్ అనుభవం ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఆమెకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. పిల్లవాణ్ని పనిలో పెట్టుకున్న ఆసామితోనూ, కన్నవారితోనూ, బడి పంతులుతోనూ మళ్లీమళ్లీ మాట్లాడి, చదువులో వెనకబడిన పిల్లలను శిబిరాల్లో సిద్ధం చేసి తరగతిలో కూర్చోబెట్టడానికి మనుషులు కావాలి, వారికి జీతాలు కావాలి. అందుచేత ఇటువంటి సంస్థ లెక్కల్లో జీతాల పద్దు పెద్దదిగా కనిపిస్తే ‘డబ్బంతా జీతాలకే పోతోంది’ అని అనుమానించడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే అక్కడ జరిగే సేవ ఆ మనుషుల తిరుగుడే. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఆ జీతాలు ఊళ్లలో తిరిగే కార్యకర్తలకు అందుతున్నాయా, లేక నగరంలోని కార్యాలయానికే పరిమితమవుతున్నాయా?

కొన్ని పనులకు ఏడాది లెక్క కూడా చాలదు. జహీరాబాదు దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళల సంఘాలు చిరుధాన్యాల విత్తనాలను కాపాడుకున్నాయి. 2008లో తమ సొంత రేడియోను కూడా ప్రారంభించాయి. భూమి, విత్తనం, మాట్లాడే ధైర్యం ఒక్క సీజనులో వచ్చేవి కావు. ఇటువంటి చోట ఐదేళ్ల కిందట మొదలుపెట్టిన పని ఇప్పటికీ నడుస్తోందా అని అడగాలి.

పని తేలాక కాగితాలు చూడాలి. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ సంస్థలు 2001 నాటి సంఘాల నమోదు చట్టం కింద సొసైటీలుగా నమోదవుతాయి. దానికి కనీసం ఏడుగురు సభ్యులుండాలి. సబ్ రిజిస్ట్రారు దగ్గర దస్తావేజు నమోదు చేసుకున్న ట్రస్టులు, కంపెనీల చట్టం 8వ సెక్షను కింద ఏర్పడిన లాభాపేక్ష లేని కంపెనీలు మరికొన్ని. ఏ రూపంలో ఉన్నా కార్యవర్గ సభ్యుల జాబితా అడగండి. అందులో భార్య, భర్త, బావమరిది మాత్రమే ఉంటే, లెక్కలు నిలదీసే వారు లోపల ఎవరూ లేరని అర్థం. స్వచ్ఛంద సంస్థల వివరాలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో సంస్థకు సంఖ్య ఉండడం మంచిదే కానీ, అది నమోదుకు గుర్తు మాత్రమే. పని నాణ్యతకు ప్రభుత్వం ఇచ్చిన హామీ కాదు. మూడేళ్ల ఆడిట్ నివేదికలు పక్కపక్కన పెట్టుకుని చదివితే చాలా సంగతులు బయటపడతాయి: ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఏటేటా పెరుగుతూ ఖర్చు తగ్గుతుంటే కారణం అడగాలి, ఆదాయమంతా ఒకే దాత మీద ఆధారపడి ఉంటే ఆ దాత తప్పుకుంటే ఏం చేస్తారో అడగాలి.

పన్ను మినహాయింపు కోరుకునేవారు, దాతలకు ఆ మినహాయింపు దక్కేలా సంస్థకు ఇచ్చే 80జి సెక్షను అనుమతి ఇంకా అమలులో ఉందో లేదో చూడాలి. రూ. 2,000 మించిన విరాళాన్ని నగదుగా ఇస్తే ఈ మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే వర్తించదు. 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి కనుక, ఏ ఏడాదికి ఏది వర్తిస్తుందో ఆడిటరును అడగడం మేలు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి సొంత ఊరికి పంపదలచినవారు మరింత జాగ్రత్త పడాలి. భారత పౌరసత్వం నిలుపుకున్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపిన సొమ్మును విదేశీ విరాళంగా లెక్కించరు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతి విదేశీయులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీయులే. వారి దగ్గర తీసుకోవడానికి సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదో ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ ప్రకారం ఆ సొమ్ము ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే చేరాలి, అలా అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. ఊరి గ్రంథాలయ సంఘం ఖాతాలో స్నేహితులందరూ కలిసి వేసే డాలర్లు, ఎంత మంచి మనసుతో వేసినా, ఆ సంఘాన్ని చిక్కుల్లోకి నెడతాయి.

ఇక డబ్బు మాత్రమే విరాళం కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు మొదటి రోజుల్లో అన్నం పొట్లాలు, తాగునీరు అవసరమయ్యాయి. నీరు తీశాక ఇళ్లలోని బురద కడగాలి, పాడైన స్టవ్వులు బాగుచేయాలి, పిల్లలకు కొత్త పుస్తకాలు కొనాలి. వరదల సమయంలో పాత బట్టలు మూటగట్టే ముందు, అక్కడ పనిచేస్తున్న వారికి ఫోను చేసి ఆ రోజున ఏది కావాలో కనుక్కోవడం మర్యాద.

తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న పిల్లలకు కావలసింది రక్తం, ఆ అవసరం ఎప్పటికీ తీరదు. తీవ్రమైన తలసీమియా ఉన్న బిడ్డకు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఆ పిల్లల కోసం హైదరాబాదులో 1998 నుంచి తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ పనిచేస్తోంది. కళాశాలలకు సెలవులిచ్చే ఎండాకాలంలో రక్తదాన శిబిరాలు తగ్గిపోతాయి. ఆరోగ్యవంతులైన పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి రక్తం ఇవ్వవచ్చు కాబట్టి, పుట్టినరోజు దాకా ఆగకుండా ఏప్రిల్, మే నెలల్లో ఏ తేదీన వస్తే వారికి ఉపయోగమో ముందుగా అడిగి, ఆ రోజునే వెళ్లండి.