చిన్న కళా గ్రాంటుకు దరఖాస్తు ఎలా చేయాలి? రాకపోతే ఏం చేయాలి?

పుస్తకం అచ్చుకో, లఘుచిత్రానికో, బొమ్మల ప్రదర్శనకో చిన్న మొత్తాలు ఇచ్చే సంస్థలు ఉంటాయి. తిరిగి కట్టనక్కర్లేని డబ్బు కాబట్టి అడిగేవాళ్లూ ఎక్కువే. రాకపోవడమే మామూలు అనుకుని మొదలుపెడితే పని తేలిక.

ముందు నిబంధనలు

ఎంత మంచి పనైనా అర్హత దగ్గరే ఆగిపోవచ్చు. వయసు, నివాసం, వ్యక్తులకు ఇస్తారా సంస్థలకా, ఇప్పటికే మొదలైన పనికి ఇస్తారా అన్నవి చూడండి. అయిపోయిన ఖర్చుకు చాలాచోట్ల పైసా రాదు. డబ్బు ముందే ఇస్తారా, బిల్లులు చూపాక ఇస్తారా అన్నది కూడా ఇప్పుడే తెలుసుకోవాలి. గతంలో ఎవరెవరికి ఇచ్చారో ఆ జాబితా చూస్తే వాళ్ల అభిరుచి తెలిసిపోతుంది.

ఏం చేస్తారో చెప్పడం

మొదటి రెండు వాక్యాల్లోనే పని కళ్లకు కట్టాలి. "కళ ద్వారా సమాజాన్ని మేల్కొలుపుతాను" అంటే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. "వృద్ధులు పాడే 12 జోలపాటలు రికార్డు చేసి, సాహిత్యంతో సహా 6 నెలల్లో చిన్న పుస్తకంగా తెస్తాను" అంటే తెలుస్తుంది. వరసగా ఎన్నో దరఖాస్తులు చదివి అలసిన మనిషి కోసం రాస్తున్నామని గుర్తుంచుకోండి.

బడ్జెట్

నా లెక్కలో దరఖాస్తుకు ప్రాణం ఇదే. వర్ణన ఎవరైనా అందంగా రాయగలరు, పని గురించి నిజంగా ఆలోచించారా లేదా అన్నది మాత్రం అంకెల్లో బయటపడుతుంది. "రికార్డింగు ఖర్చులు" అని ఒక్క మొత్తం వేయకండి. స్టూడియో రోజు అద్దె ఎంత, ఎన్ని రోజులు అన్నది విడిగా చూపండి. వర్ణనలో ఉన్న ప్రతి పనీ బడ్జెట్‌లో కనిపించాలి. అక్కడ ఫొటోగ్రాఫర్ ఉండి ఇక్కడ అతని పారితోషికం లేకపోతే అనుమానం వస్తుంది. నిబంధనలు ఒప్పుకుంటే మీ శ్రమకూ ధర కట్టండి, అందులో మొహమాటం అక్కర్లేదు. ఎవరైనా గది ఉచితంగా ఇస్తుంటే దాని విలువను రాబడిలోనూ ఖర్చులోనూ చూపొచ్చు. అనుకోని ఖర్చులకు 5 నుంచి 10 శాతం పక్కన పెట్టడం మామూలే. అడిగినదాంట్లో సగమే ఇస్తే ఏది తగ్గిస్తారో కూడా ముందే తేల్చుకోండి.

పంపే ముందు

మీ పని నమూనాల్లో మంచిదే మొదట పెట్టండి. వీడియో అయితే ఏ నిమిషం నుంచి చూడాలో రాయండి. లింకులను మీ ఖాతా లేని బ్రౌజర్‌లో తెరిచి చూడండి. అక్షరాల పరిమితిలో ఖాళీలు కూడా లెక్కలోకి రావచ్చు. గడువు ఏ దేశపు సమయం ప్రకారమో చూసి, ఒకరోజు ముందే పంపేయండి. పంపినదంతా ఒక కాపీ దాచుకోండి.

కొన్ని నిజమైన సంస్థలూ దరఖాస్తు రుసుము తీసుకుంటాయి. కానీ "గ్రాంటు మంజూరైంది, విడుదలకు ఇంత కట్టండి" అనే సందేశం మోసమే.

రాలేదని ఉత్తరం వస్తే

సాధారణంగా అందులో కారణం ఉండదు. ఆ రోజు జవాబు రాయకండి. రెండు రోజులాగి, "పరిశీలించినందుకు ధన్యవాదాలు. వీలుంటే మా దరఖాస్తులో ఏది బలహీనంగా అనిపించిందో చెప్పగలరా?" అని అడగండి. వాదన వద్దు.

ఎక్కడ ఆగిందన్నది ముఖ్యం. అర్హత దగ్గర ఆగితే మీ పని మీద తీర్పు రాలేదన్నమాట. తుది జాబితా దాకా వెళ్తే అదే ప్రాజెక్టును కాస్త సరిదిద్ది, నిబంధనలు ఒప్పుకుంటే తర్వాతి విడతకు పంపండి. చాలాచోట్ల ఎంపిక చేసేవాళ్లు మారుతుంటారు. ఒక్కరు చెప్పిన లోపాన్ని రాసి పెట్టుకోండి. అదే మాట వేరేచోటా వినిపిస్తే దిద్దండి. బాధ ఉంటుంది, దాన్ని సాటి కళాకారుడితో చెప్పుకోండి గానీ సంస్థ పేరుతో బహిరంగంగా తిట్టకండి.

ఈలోగా బడ్జెట్‌లో అతి చవకైన భాగం తీసి మొదలుపెట్టండి. రెండు పాటలు రికార్డయితే తర్వాతి దరఖాస్తుకు నమూనా దొరికినట్టే. అయితే ఆ రెండింటి ఖర్చును కొత్త బడ్జెట్‌లో చూపకూడదు.

ఒక ఫలితం కోసం కూర్చోకుండా మరోచోటికీ పంపవచ్చు. సంస్థ పేరు, గడువు, అడిగిన మొత్తం, ఫలితం ఒక పట్టికలో రాసుకోండి. రెండూ వస్తే ఒకే ఖర్చుకు రెండు చోట్ల డబ్బు తీసుకోవడం కుదరదు. ఏ ఖర్చు ఎవరి కిందకు వస్తుందో విడదీసి, ఒప్పందం మీద సంతకం పెట్టే ముందే ఇద్దరికీ చెప్పాలి.