గొట్టం చూసి పేరు పెట్టొద్దు: హైడ్రాయిడిస్ పురుగును గుర్తించే పద్ధతి

రేవు నీళ్ళలో మూడు నాలుగు వారాలు వేలాడదీసిన పలకను పైకి లాగితే సున్నం పూసినట్టు తెల్లటి గొట్టాలు అల్లుకుని కనిపిస్తాయి. వెచ్చని సముద్రాల రేవుల్లో ఇవి చాలావరకు హైడ్రాయిడిస్ ఎలిగన్స్ అనే పురుగు కట్టుకున్నవే. అయితే గొట్టం చూసి జాతి పేరు రాసేస్తే పొరపాటు తప్పదు. అదే గొట్టం పక్కవాటితో ఒత్తుకుంటే నిటారుగా లేస్తుంది, చోటు దొరికితే పలకకు అంటుకుని పాకుతుంది. పేరు తేల్చేవి రెండే: గొట్టం నోరు మూసుకునే పురుగు మూత, మెడ చుట్టూ ఉండే పల్చటి మెడపట్టీ దగ్గరి శూకాలు (గట్టి వెంట్రుకల్లాంటి ముళ్ళు).

ముందు ఇది అసలు సున్నపు గొట్టాలు కట్టే పురుగుల కుటుంబమైన సెర్పులిడేనా అన్నది చూసుకోండి. ఇసుక రేణువులు అతికించి కట్టినవి సాబెల్లారిడే పురుగులవి. బురద, జిగురు కలిపిన మెత్తటి గొట్టాలు సాబెల్లిడేవి. వెర్మెటిడ్ నత్తలు కూడా సున్నపు గొట్టమే కడతాయి గానీ వాటి లోపలి గోడ నున్నగా మెరుస్తుంది, పురుగు గొట్టంలో ఆ మెరుపు ఉండదు. రెండు మూడు మిల్లీమీటర్ల చుట్టలుగా ఉన్నవి స్పైరార్బిస్ బాపతు. వీటిని ఒకప్పుడు వేరే కుటుంబంగా లెక్కపెట్టేవారు, ఇప్పుడు సెర్పులిడేలోనే ఉపకుటుంబం. వర్గం అనెలిడా, విభాగం పాలికీటా, క్రమం సాబెల్లిడా, కుటుంబం సెర్పులిడే, ప్రజాతి హైడ్రాయిడిస్: మనం దిగాల్సిన మెట్లు ఇవి.

పురుగును బతికుండగా మత్తులోకి దించకపోతే మిగతా పనంతా వృథా. ఫార్మలిన్‌లో నేరుగా వేస్తే అది గొట్టం అడుగుకు ముడుచుకుపోయి అలాగే బిగుసుకుంటుంది. లీటరు స్వేదన జలంలో 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కరిగించి, దానికి సమానంగా సముద్రపు నీరు కలపండి. ఈ లవణం గాలిలోని తేమను పీల్చి గడ్డ కడుతుంది. అలాంటి సీసాలోంచి తూచి తీస్తే బరువులో నీరే ఎక్కువ, మందు చాలదు. పలక ముక్కను ముందు తాజా సముద్రపు నీటిలో కదపకుండా ఉంచండి. మొప్పల కుచ్చులు విచ్చుకున్నాక మందు నీటిని కొద్దికొద్దిగా పోయండి. అరగంట తర్వాత కుంచె కొనతో కుచ్చును తాకినా లోపలికి లాక్కోకపోతే సిద్ధమైనట్టే.

కుచ్చు పట్టుకుని లాగడం కొత్తవాళ్ళందరూ చేసే పని. కుచ్చు మొదట్లోనే తెగి చేతికొస్తుంది, ఒళ్ళు గొట్టంలోనే మిగులుతుంది. కారణం అన్సినై: ఇవి కొడవలికి కక్కు కొట్టినట్టుండే సూక్ష్మమైన పలకలు, వరుసలు వరుసలుగా గొట్టం గోడను కరుచుకుని ఉంటాయి. కాబట్టి గొట్టాన్ని బ్లేడుతో పలక నుంచి లేపి, సన్నగా ఉన్న తోక కొన నుంచి ఫోర్సెప్స్‌తో మిల్లీమీటరు చొప్పున చిదుపుతూ రండి. సగం దాకా వచ్చాక మొద్దు సూదితో వెనక నుంచి మెల్లగా నెడితే పురుగు నోటివైపు జారి బయటపడుతుంది. సున్నమే కదా అని ఆమ్లంలో కరిగించకండి. స్పైరోబ్రాంకస్ లాంటి ప్రజాతుల్లో మూత మీదా సున్నమే ఉంటుంది, గొట్టంతోపాటు అదీ పోతుంది.

నిల్వకు, కొన్న ఫార్మలిన్ ఒక వంతు, సముద్రపు నీరు తొమ్మిది వంతులు కలిపి, ఆమ్లత్వం తగ్గడానికి చిటికెడు బోరాక్స్ వేయండి. 24 గంటల తర్వాత కడిగి 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి. చేతికి తొడుగులు, గదికి గాలి తప్పనిసరి. డీఎన్‌ఏ పరీక్ష చేయాలనుకున్న నమూనాలకు ఫార్మలిన్ తగలనివ్వకండి, వాటిని నేరుగా 95 శాతం ఇథనాల్‌లో వేయాలి.

ఇక స్టీరియో మైక్రోస్కోప్ కింద. ఆల్కహాల్‌లో ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేస్తే పల్చటి పొరల అంచులు తేలతాయి. ముందు కనిపించేది రెండు పాయల మొప్పల కుచ్చు. ఒక్కో ఈనెకు రెండు వైపులా ఈకలా చీలికలుంటాయి. ఊపిరికీ, తిండి వడకట్టుకోవడానికీ ఇదే. ఒక ఈనె మాత్రం చీలికల్లేని కాడగా మారి మూతను మోస్తుంది. రెండో వైపు చిన్న మొగ్గలాంటిది ఉంటుంది, అది ఉత్తుత్తి మూత. అసలు మూత ఊడిపోతే అదే పెరిగి దాని స్థానంలోకి వస్తుంది. హైడ్రాయిడిస్ మూతకు రెండు అంతస్తులు: కింద అంచంతా పళ్ళున్న గరాటు, దాని మధ్యలోంచి లేచే ముళ్ళ కిరీటం. ఎలిగన్స్‌లో ఈ ముళ్ళన్నీ ఒకే తీరున ఉంటాయి, ఒక్కో ముల్లుకు పక్కలా, లోపలివైపూ బుల్లి ముళ్ళుంటాయి.

కుచ్చు కింద మెడపట్టీ, ఆ తర్వాత ఉరం (ఛాతీ భాగం). ఉరంలో శూకాలున్న ఖండితాలు, అంటే ఒంటి కణుపులు, ఏడు. అన్సినై వరుసలు లెక్కపెట్టి ఆరే అని రాసేవాళ్ళున్నారు. మొదటి ఖండితానికి శూకాలే గానీ అన్సినై ఉండవు, తేడా అక్కడే. ఉరంలో శూకాలు వీపువైపు, అన్సినై పొట్టవైపు. ఉదరానికి వచ్చేసరికి ఈ వరస తారుమారవుతుంది. ఉరం ఎక్కడ ముగిసిందో తెలియకపోతే ఈ మార్పు కోసం వెతకండి.

జాతిని తేల్చే పని చివర్లో. మెడపట్టీ దగ్గరి శూకాల కట్టను సన్నటి సూదితో మొదలంటా పెకిలించి, గ్లిసరిన్ చుక్కలో పరిచి, 400 రెట్లలో చూడండి. వెంట్రుకల్లాంటి వాటిని వదిలేసి, తుపాకీ బాయ్‌నెట్ ఆకారంలో ఉన్నవాటిని పట్టుకోండి. ప్రతిదానికీ అలుగు (కత్తిలాంటి కొన భాగం) మొదట్లో రెండు పెద్ద పళ్ళుంటాయి. వాటి దగ్గర ఆకురాయిలా గరుకుగా బుల్లి పళ్ళ గుంపు కూడా ఉంటే ఎలిగన్స్. రెండు పళ్ళే ఉండి మిగతాదంతా నున్నగా ఉంటే అదే ప్రజాతిలోని మరో జాతి, నార్వేజికా. శూకం పక్కకు తిరిగి పడితే గరుకు కనిపించదు. కవర్ స్లిప్‌ను మెల్లగా జరిపి దొర్లించి చూడండి, కనీసం నాలుగైదు శూకాలు చూశాకే రాయండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, నార్వేజికా 1768లో గున్నెరస్ అనే శాస్త్రవేత్త వర్ణించిన చల్లటి సముద్రాల జాతి. ఎలిగన్స్‌ను 1883లో హాస్వెల్ సిడ్నీ రేవు నుంచి వర్ణించాడు. 1971లో జిబ్రోవియస్ అనే పరిశోధకుడు ఈ రెండింటి ముడి విప్పేదాకా వెచ్చని రేవుల్లో దొరికిన ఎలిగన్స్ చాలావరకు నార్వేజికా పేరుతోనే నమోదైంది. విశాఖ రేవు పాత జాబితాల్లో ఆ పేరు కనిపిస్తే దాన్ని యథాతథంగా ఎత్తి రాయకండి.

మూత ఊడిపోయినవీ, ఇంకా కిరీటం పూర్తిగా ఏర్పడని పిల్ల పురుగులూ సగం సీసా ఉంటాయి. శూకాలూ సరిగా కనిపించకపోతే వాటి చీటీ మీద హైడ్రాయిడిస్ అని ప్రజాతి దగ్గరే ఆపండి. చీటీని పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.