మంచులో బిగుసుకుపోయిన పంపు: మోంటానా రాంచ్‌లో నా అనుభవం

క్రిస్మస్ సెలవుల్లో అమెరికాలోని మోంటానాలో ఒక పశువుల రాంచ్ చూసుకునే పని ఒప్పుకున్నాను. నలభై ఆవులు, రెండు గుర్రాలు, నేను. మా పల్నాడులో గేదెల మధ్యే పెరిగాను కనుక మేత గురించి బెంగ లేదు. మంచు సంగతే తెలియదు.

పండుగ ముందురోజు తెల్లవారుజామున మైనస్ 27 డిగ్రీలు. కొట్టం దగ్గర పంపు పిడి కదల్లేదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎండుగడ్డి తినే ఆవుకు చలిలోనూ రోజుకు 30 లీటర్లకు పైనే నీళ్లు కావాలి. నీళ్లు తగ్గితే మేత తగ్గుతుంది, మేత తగ్గితే ఒంట్లో వేడి పోతుంది.

యజమానికి ఫోన్ చేస్తే, "గొట్టం విప్పావా?" అని అడిగారు. తొట్టికి నీళ్లు పట్టేందుకు పంపు మూతికి తగిలించిన గొట్టం అది. విప్పలేదు. అక్కడి పంపుల్లో వాల్వు నేల కింద, గడ్డకట్టని లోతులో ఉంటుంది. కట్టేయగానే పైపులో మిగిలిన నీళ్లు అడుగు రంధ్రంలోంచి కంకరలోకి దిగిపోవాలి. గొట్టం తగిలించి ఉంటే పైనుంచి గాలి అందదు, నీళ్లు దిగక పైపులోనే గడ్డకడతాయి.

పిడిని బలవంతంగా లాగలేదు, లోపలి కడ్డీ వంగితే మొత్తం తవ్వాల్సిందే. గొట్టం తీసేసి, పైపుకు పాత తువ్వాళ్లు చుట్టి, మూతి నుంచి కిందికి వేడినీళ్లు పోస్తూ వచ్చాను. ఇంట్లోంచి పంపు దాకా ఎన్నిసార్లు తిరిగానో! గంటన్నరకు పిడి లేచింది. తడి తువ్వాళ్లు వెంటనే విప్పేశాను, లేకపోతే అవే గడ్డకడతాయి.

తొట్టి నిండుతుంటే ఆవులు ఒక్కొక్కటే వచ్చాయి. చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాను. గొట్టం మాత్రం ఇప్పుడు వాడిన ప్రతిసారీ విప్పి, నీళ్లు కార్చి, కొట్టంలో వేలాడదీస్తున్నాను.