మాటల బడి – 6వ పాఠం: పరిహారం

పోయిన పాఠంలో ‘సవరణ’ చూశాం. రాతలో తప్పుకు, చట్టానికి, లెక్కకు ఆ మాట సరిపోతుంది. మనిషికి జరిగిన అన్యాయాన్ని సరిచేయడం దగ్గరికొస్తే అది చాలదు. అక్కడ కావలసిన మాట పరిహారం.

ఈ మాట వినగానే చాలామందికి డబ్బే గుర్తొస్తుంది. వార్తల్లో ‘నష్టపరిహారం’ చదివి చదివి అలా అలవాటైంది. అసలు ‘హృ’ ధాతువుకు తీసుకుపోవడమని అర్థం. ముందు చేరే ఉపసర్గను బట్టి అదే ఆహారం, విహారం, సంహారం, ప్రహారం అవుతుంది. ‘పరి’ చేరితే పరిహారం, అంటే తొలగించడం. తొలగాల్సింది జరిగిన చెడు. డబ్బు అందుకు ఒక దారి మాత్రమే.

భారత రాజ్యాంగం 32వ అధికరణం ఇచ్చే హక్కును మన పాఠ్యపుస్తకాలు ‘రాజ్యాంగ పరిహారపు హక్కు’ అంటాయి. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే హక్కు అది. అక్రమంగా నిర్బంధించిన మనిషిని హెబియస్ కార్పస్ రిట్‌తో, అంటే ఆ మనిషిని తన ముందు హాజరుపరచమనే ఆదేశంతో, కోర్టు విడిపిస్తే, ఒక్క రూపాయి చేతులు మారకపోయినా అది పరిహారమే. ఈ మాట లోతు తెలియాలంటే నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ కనబడలేదు.

‘పరిష్కారం’తో దీన్ని కలపకండి. సమస్యకు పరిష్కారం, అన్యాయానికి పరిహారం. ‘మీ ఫిర్యాదు పరిష్కరించాం’ అని మెసేజ్ వస్తుంది, ఫైలు మూసేస్తారు. కోత పడిన జీతం మాత్రం తిరిగి రాదు. అక్కడ పరిష్కారం జరిగింది, పరిహారం జరగలేదు. ఈ తేడా తెలిసినవాళ్లు అర్జీలో ఏం అడగాలో స్పష్టంగా రాయగలరు.

క్రియగా వాడేటప్పుడు జాగ్రత్త. దోషాన్ని పరిహరిస్తాం, నష్టాన్ని పరిహరిస్తాం. ‘బాధితులను పరిహరించాలి’ అంటే అర్థం తలకిందులవుతుంది. మనిషిని పరిహరించడమంటే వదిలేయడం, దూరం పెట్టడం. బాధితులకు పరిహారం ఇవ్వాలి, అంతే. టైపు చేసేటప్పుడు ‘పరిహాసం’ పడకుండా కూడా చూసుకోండి.

అభ్యాసం. మొదటి రెండింటిలో సరైన మాట పెట్టండి, మూడోది సరిచేయండి. జవాబులు 7వ పాఠం మొదట్లో ఉంటాయి.

1. అన్యాయంగా తీసేసిన పేరును జాబితాలో మళ్లీ చేర్చడమే ఆమె కోరిన ______.

2. రెండు పట్టికల లెక్క కలవడం లేదు, దీనికి ______ ఏమిటి?

3. సంస్థ తన పొరపాటు ఒప్పుకుని ఉద్యోగులను పరిహరించింది.