బీచ్ పండగలో స్టాల్ పెడుతున్నారా? ఒక టబ్బు నీళ్లు చాలు

ఆర్కే బీచ్‌లోనో మీ కాలనీ పార్కులోనో పర్యావరణ పండగకి స్టాల్ పెడుతుంటే, ముందు ఆ పోస్టర్ల ఆలోచన మానేయండి. నిలబడి చదివే ఓపిక ఎవరికీ ఉండదు, పిల్లలకి అసలే ఉండదు. వాళ్ల చేతికి ఏదైనా పని ఇవ్వాలి.

నా ఓటు తేలేవి, మునిగేవి ఆటకే. లోపలిది బయటికి కనిపించే పెద్ద టబ్బులో నీళ్లు పోసి, లీటరుకి 35 గ్రాముల లెక్కన ఉప్పు కలిపితే ఇంచుమించు సముద్రపు నీరే. వాటర్ బాటిల్ మూత నుంచి ఒక ముక్క, బాటిల్ నుంచి ఒక ముక్క కత్తిరించి, అంచులు గుండ్రంగా చేసి, "ఏది తేలుతుందో చెప్పు నాన్నా" అని అడగండి. మూత ముక్క తేలుతుంది, బాటిల్ ముక్క అడుక్కి పోతుంది, ఎందుకంటే రెండూ వేర్వేరు ప్లాస్టిక్‌లు. గాలి బుడగ అంటుకుంటే రెండోది కూడా తేలి మీ పరువు తీస్తుంది, అందుకే వేలితో ఒకసారి పూర్తిగా ముంచి వదలమనండి.

తర్వాత తెల్లటి క్యారీ బ్యాగ్ ముక్కని నీళ్లలో ఆడించండి, అచ్చం జెల్లీ చేపలాగే ఉంటుంది. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇలాంటి సంచుల్ని జెల్లీ చేపలనుకుని మింగేస్తాయన్న సంగతి చెప్పాల్సింది అప్పుడే. ఒక్కో గూట్లో దాదాపు వంద గుడ్లు అనగానే పిల్లల ప్రశ్నలు మొదలవుతాయి.

ఫ్లెక్సీ మాత్రం వద్దు, గుడ్డ బ్యానర్ కట్టండి. మధ్యాహ్నం సముద్రపు గాలికి కాగితాలు ఆగవు, బరువులు పెట్టుకోండి. టబ్బు దగ్గర ఒకరు, లైన్ చూసుకోవడానికి ఒకరు ఉండాలి. అయిపోయాక నీళ్లు గుడ్డతో వడగట్టి పారబోయండి, మొక్కల మొదట్లో మాత్రం కాదు, అది ఉప్పునీరు.