స్పిట్‌ఫైర్ బ్రేకులో గాలి నిలవకపోతే: నా అనుభవం

ఇంగ్లండ్‌లో పాత యుద్ధవిమానాలు బాగుచేసే వర్క్‌షాప్‌లో పనిచేస్తున్నాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌లో బ్రేకులు, ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి వంగే పలకలు) రెండూ గాలి ఒత్తిడితోనే నడుస్తాయి. కాబట్టి గాలి లీకైతే టెన్షనే. మా దగ్గరికొచ్చిన విమానంలో బ్రేక్ లివర్ నొక్కి పట్టుకుంటే ఎడమ చక్రం గేజి ముల్లు మెల్లగా దిగిపోయేది.

ముందు పైపు జాయింట్లన్నిటికీ సబ్బునీళ్లు పూశాను. ఎక్కడా బుడగ రాలేదు. చక్రం విప్పితే అసలు సంగతి తెలిసింది. డ్రమ్ము లోపల సైకిల్ ట్యూబులాంటి రబ్బరు బ్యాగు ఒకటి ఉంటుంది. అది ఉబ్బి లైనింగును, అంటే రాపిడితో చక్రాన్ని ఆపే పట్టీని, డ్రమ్ముకేసి నొక్కుతుంది. దాని మడతల వెంబడి పగుళ్లు!

'యుద్ధకాలం నాటిది, డబ్బా కూడా విప్పలేదు' అని ఇలాంటి బ్యాగులు అమ్మేవాళ్లుంటారు. కొనకండి. రబ్బరు డబ్బాలో ఉన్నా ముసలిదవుతుంది. ధరకేం తక్కువుండదు. మేము అచ్చు చేయించి కొత్తది పోయించాం. కొలతలు పాత బ్యాగు నుంచి కాకుండా డ్రాయింగు నుంచే తీసుకున్నాం, ఎందుకంటే గట్టిపడ్డ రబ్బరు ఆకారం మారిపోతుంది. బిగించాక గాలి నింపి రాత్రంతా ఉంచాం. ముల్లు కదల్లేదు.

పనికంటే కాగితాలే ఎక్కువ: రబ్బరు రకం, బ్యాచ్ నంబరు, టెస్టు రికార్డు, ఆపైన ఇన్‌స్పెక్టర్ సంతకం. ఖర్చంతా అచ్చుదే కాబట్టి కుడి చక్రానికీ అప్పుడే కొత్తది వేసేశాం.