వోల్టేజి, విద్యుత్ ప్రవాహం తెలిస్తే నిరోధాన్ని, సామర్థ్యాన్ని లెక్కించడం ఎలా?

చలికాలంలో బకెట్ నీళ్లు కాచుకునే హీటర్ రాడ్ మీద "230 వోల్టులు, 1500 వాట్లు" అని రాసి ఉంటుంది. దానికి సరిగ్గా 230 వోల్టులు అందినప్పుడే ఆ 1500 వాట్ల మాట నిజమవుతుంది. మీ ఇంట్లో అది వాస్తవంగా ఎన్ని వాట్లు తీసుకుంటోందో, అంటే దాని సామర్థ్యం (పవర్) ఎంతో, ప్రవాహాన్ని అది ఎంత అడ్డుకుంటోందో, అంటే దాని నిరోధం ఎంతో తెలుసుకోవడానికి రెండు కొలతలు, రెండు చిన్న లెక్కలు చాలు.

ముందుగా రాడ్‌ను నీటిలో ఉంచి, ఆ తరువాతే స్విచ్ వేయాలి. స్విచ్ ఆపకుండా నీటిని తాకకూడదు. రాడ్ పనిచేస్తుండగానే, అదే లైనులోని పక్క సాకెట్ దగ్గర మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి వోల్టేజిని కొలవాలి, ఎందుకంటే లోడు పడినప్పుడు వైర్లలో కొంత వోల్టేజి తగ్గుతుంది.

విద్యుత్ ప్రవాహాన్ని క్లాంప్ మీటర్‌తో, అంటే వైరు చుట్టూ పట్టించి కొలిచే మీటర్‌తో కొలవడం సురక్షితం. అయితే క్లాంప్‌లో ఫేజ్ వైరు ఒక్కటే ఉండాలి. మొత్తం కేబుల్‌ను పట్టిస్తే ఫేజ్, న్యూట్రల్ ప్రవాహాలు ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, మీటర్ సున్నా చూపిస్తుంది. వైర్లను విడదీసే పనిని ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి.

మన కొలతలు 210 వోల్టులు, 5.95 ఆంపియర్లు అనుకుందాం. వీటిలో మొదటి లెక్క జర్మన్ భౌతిక శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించిన నియమం, రెండోది సామర్థ్యపు సూత్రం:

నిరోధం = వోల్టేజి ÷ ప్రవాహం
210 ÷ 5.95 = సుమారు 35.3 ఓములు

సామర్థ్యం = వోల్టేజి × ప్రవాహం
210 × 5.95 = సుమారు 1250 వాట్లు

రాడ్ మీద రాసినదానికంటే 250 వాట్లు తగ్గినా రాడ్ పాడైనట్టు కాదు. పై రెండు సూత్రాలను కలిపితే, వోల్టేజిని దానితోనే గుణించి వాట్లతో భాగిస్తే నిరోధం వస్తుంది. రాడ్ మీది అంకెలతో 230ని 230తో గుణించి 1500తో భాగిస్తే అదే 35.3 ఓములు వస్తుంది కాబట్టి, రాడ్ బాగానే ఉంది, తగ్గింది వోల్టేజి మాత్రమే. వోల్టేజి సుమారు 9 శాతం తగ్గితే ప్రవాహం కూడా అంతే తగ్గుతుంది. ఆ రెండింటి లబ్ధమైన సామర్థ్యం దాదాపు 17 శాతం పడిపోతుంది.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. 5.95 ఆంపియర్లే కదా అని ఈ రాడ్‌ను 6 ఆంపియర్ల సాకెట్‌కు పెట్టకూడదు. వోల్టేజి 230కి చేరగానే ప్రవాహం 6.5 ఆంపియర్లవుతుంది. అందుకే 16 ఆంపియర్ల సాకెట్ తప్పనిసరి.

ఈ లెక్క హీటర్లకు, ఇస్త్రీ పెట్టెలకు చక్కగా సరిపోతుంది. ఫ్యాను, మోటారు వంటి వాటిలో వోల్టేజి, ప్రవాహం ఒకే లయలో సాగవు కాబట్టి, వచ్చిన లబ్ధాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో (ఆ లయల తేడాను లెక్కలోకి తెచ్చే, ఒకటి కంటే తక్కువైన సంఖ్యతో) కూడా గుణిస్తేనే అసలు వాట్లు తెలుస్తాయి. పాత ఫిలమెంటు బల్బు చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్ చూపే నిరోధాన్ని ఈ సూత్రాల్లో వాడకూడదు. వెలిగాక టంగ్‌స్టన్ తీగ నిరోధం పది రెట్లకు పైగా పెరుగుతుంది.

వాట్లు తగ్గితే బిల్లు కూడా తగ్గుతుందని అనుకోవడం పొరపాటు. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడి చేయడానికి 1500 వాట్ల దగ్గర సుమారు 14 నిమిషాలు, 1250 వాట్ల దగ్గర సుమారు 17 నిమిషాలు పడుతుంది. బయటికి పోయే వేడిని పక్కన పెడితే, రెండు సందర్భాల్లోనూ ఖర్చయ్యేది దాదాపు 0.35 యూనిట్లే.